ఆకులో చక్కెర తగ్గితే పురుగు కడుపు చెడుతుంది



నాలుగో జ్వరం దాటి, ఇంకో వారంలో చంద్రికలకు ఎక్కుతాయి అనుకుంటుండగా పురుగులు మేత మానేస్తాయి. ఒళ్లు మెత్తబడి, పెంట పలచనై వాసన వస్తుంది. ఇదే ఫ్లాచరీ. అప్పటికి గుడ్లు, కూలీ, ఆకు ఖర్చంతా అయిపోయి ఉంటుంది. మా విరూర్ వైపు ఎండలకు ఈ భయం మరీ ఎక్కువ. వెంటనే ఏ మందు కొట్టాలా అని చూస్తాం గానీ, ముందు చూడాల్సింది ఆకుని.

*పీచు వేరు, చక్కెర వేరు*
ఆవు, గేదె పీచుని పొట్టలోని సూక్ష్మజీవుల సాయంతో అరిగించుకుంటాయి. పట్టుపురుగుకి ఆ ఏర్పాటు లేదు. తిన్న మేత ఎండు బరువులో సగానికి పైగా పెంటలోనే పోతుంది. అందుకే ముదురాకు ఎంత వేసినా కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. ఒంటికి పట్టేది ఆకులోని చక్కెర, పిండి, మాంసకృత్తులు.

పట్టు మాంసకృత్తే కదా, చక్కెరతో పనేంటి అంటారా? గూడు కట్టడం మొదలయ్యాక పురుగు ఏమీ తినదు. చిలుక కూడా తినదు. ఆ బలంలో చాలావరకు ముందు తిన్న చక్కెర నుంచి దాచుకున్నదే. పట్టులో ఉండే అలనిన్‌ని కూడా పురుగు చక్కెర నుంచి తయారుచేసుకోగలదు.

ఇంకో విశేషం: మల్బరీ పాలలో చక్కెర అరగనివ్వని పదార్థాలు ఉంటాయి. వాటికి ఆముదం పట్టుపురుగు తట్టుకోలేదని జపాన్ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. మన పట్టుపురుగుకి మాత్రం వాటికి లొంగని ఎంజైము ఉంది.

*కడుపే కాపలా*
ఆరోగ్యంగా ఉన్న పురుగు జీర్ణరసం పీహెచ్ 10 దాకా, అంటే గట్టి క్షారంగా ఉంటుంది. చాలా బాక్టీరియా అందులో పెరగలేవు. నాసిరకం ఆకు, ఎండ వేడి తోడైతే ఆ కాపలా సడలుతుంది. అప్పుడే రోగం దిగుతుంది.

*చక్కెర ఎక్కడ పోతుంది?*
1. చెట్ల నీడన పెరిగిన ఆకులో తక్కువ. దాన్ని పెద్ద పురుగులకి వేయకండి.
2. యూరియా ఎక్కువైతే ఆకు నీరుపట్టి పచ్చగా కనిపిస్తుంది గానీ చక్కెర తగ్గుతుంది. పశువుల ఎరువు, పొటాష్ మానొద్దు.
3. కోసిన ఆకు కూడా ఊపిరి పీలుస్తుంది, తన చక్కెర తానే ఖర్చు చేసుకుంటుంది. కుప్ప పోస్తే వేడెక్కి పులుస్తుంది. పలచగా పరిచి తడి గోనెపట్టా కప్పండి.
4. ఆకు పగలు చక్కెర చేసుకుని రాత్రి వాడుకుంటుంది. ఉదయం ఆకులో నీరు ఎక్కువ, అది చాకీ పురుగులకి మంచిది. పెద్ద పురుగుల రాత్రి మేతకి ఎండ తగ్గాక కోయండి.

ఆకు బాగుందని శుభ్రత వదలొద్దు. జబ్బు పురుగుల్ని రోజూ ఏరి బ్లీచింగ్ నీళ్లలో వేసి పూడ్చండి, పడకలో సున్నం చల్లండి.

రేపు ఆకు కోసేటప్పుడు కుప్పలో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే, ఆ వెచ్చదనం మీ పురుగు తినాల్సిన చక్కెరే.