పెరటి కోడి – పొరుగు స్నేహం

పెరట్లో నాలుగు కోళ్లుంటే ఇంటికి ఆసరా. పిల్లలకు గుడ్డు దొరుకుతుంది. అవసరానికి నాలుగు డబ్బులు మన చేతికి వస్తాయి. కానీ కోడికి మన దడి, పక్కింటి దడి అని తేడా తెలియదు. కోడి వల్ల మొదలైన తగువు, ఒక్కోసారి మాటలు మానుకునేదాకా పోతుంది. అందుకే కొనేముందే ఆలోచించాలి.

ఏ కోడి తెచ్చుకోవాలి?

నాటుకోడి: ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. తానే పొదుగుతుంది. 21 రోజులకు పిల్లలు వస్తాయి. పిల్లల్ని బాగా కాచుకుంటుంది. అయితే తేలిగ్గా ఉంటుంది. దడి ఎగిరి పోతుంది.

వనరాజా, గ్రామప్రియ: హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారు చేసిన రకాలు ఇవి. బాగా చూసుకుంటే వనరాజా ఏడాదికి సుమారు 100 గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ ఇంకా ఎక్కువ పెడుతుంది. కానీ ఇవి పొదగవు. వీటి గుడ్లను నాటుకోడి కింద పెట్టి పొదిగించినా, ఆ పిల్లలు తల్లి అంతగా గుడ్లు పెట్టవు. అందుకని కొత్త పిల్లల్ని మళ్లీ కొనాలి.

అసీలు: ఇది పందెం జాతి. గుడ్లు తక్కువ, పోట్లాట ఎక్కువ. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న వాడలో ఇది వద్దు.

పుంజు కావాలా? గుడ్లు తినడానికైతే పుంజు అక్కర్లేదు. పొదిగించాలంటేనే కావాలి. 8, 10 పెట్టలకు ఒక్క పుంజు చాలు. తెల్లవారకముందే కూస్తుంది కదా! పక్కింట్లో బాలింత గానీ, జబ్బు మనిషి గానీ ఉంటే గూడు అటు గోడ పక్కన కట్టకండి.

తగువు రాకుండా ఏం చేయాలి?

• కొత్త కోళ్లను వారం రోజులు మూసి ఉంచండి. గూడు అలవాటవుతుంది.

• కోళ్లు ఎక్కువగా పొద్దుటిపూటే గుడ్లు పెడతాయి. గూట్లో గడ్డి వేసిన బుట్ట పెట్టండి. గుడ్డు పెట్టాకే వదలండి. అప్పుడు "మా గుడ్డు మీ గడ్డివాములో పెట్టింది" అనే మాట రాదు.

• సాయంత్రం గూటి దగ్గరే గింజలు చల్లండి. అవే ఇంటికి వస్తాయి.

• పక్కింటివాళ్లు వడ్లు, వడియాలు ఎండబెట్టినా, నారు పోసినా ఆ రోజు కోళ్లను గంప కింద మూయండి.

• గూడు రోజూ ఊడ్చండి. పెంటను ఎరువు గుంటలో వేయండి.

• మన కోడి నష్టం చేస్తే, వాళ్లు అడగకముందే మనమే వెళ్లి మాట్లాడాలి.

తెగులుకు దడి అడ్డం కాదు

కొక్కెర తెగులు వస్తే వాడలో కోళ్లన్నీ పోతాయి. వచ్చాక మందు లేదు. ముందే టీకా వేయించాలి. మొదటి వారంలో పిల్లల కంట్లో చుక్క వేస్తారు. 6 నుంచి 8 వారాల మధ్య సూది వేస్తారు. టీకా ఒక్క సీసా చాలా కోళ్లకు వస్తుంది. కలిపిన మందు మర్నాటికి పనికిరాదు. నాలుగు కోళ్ల కోసం సీసా విప్పితే మిగతాదంతా వృథా. అందుకే పది ఇళ్లవాళ్లు కలిసి ఒకే రోజు వేయించుకోవాలి. పశువుల ఆసుపత్రిలో ముందుగా చెప్పండి.

జబ్బు కోడిని అమ్మకండి. చచ్చిన కోడిని కాలువలో పారేయకండి. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి.

పక్కింటి కోళ్లు బాగుంటేనే మన కోళ్లు బాగుంటాయి.

ఆలోచించండి:
1. మీ వాడకు ఏ రకం కోడి సరిపోతుంది? ఎందుకు?
2. టీకా కోసం మీతో ఎన్ని ఇళ్లవాళ్లు కలుస్తారు? వాళ్ల పేర్లు రాయండి.