బీజమొక్కటే కారణం కాదు – యువకుల మద్యపానంపై కొన్ని మాటలు

"తండ్రి తాగుబోతు, కొడుకు మాత్రం ఏం బాగుపడతాడు?" అనే మాట అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో తరచు వినవస్తుంది. ఇందులో సత్యం సగమే.

మద్యం వలన కలిగే వ్యాధులను చరక సంహిత చికిత్సా స్థానం 24వ అధ్యాయంలో మదాత్యయమనే పేర వర్ణించింది. గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ కావాలని సుశ్రుతుడు చెప్పాడు. కొబ్బరి మొక్క పెంచే రైతుకు ఇది తెలిసిన సంగతే: విత్తనంతో పాటు నేల, నీరు కూడా చూడాలి. బిడ్డల విషయంలో ఆ నేల మన ఇల్లే.

మద్యవ్యసన ప్రమాదంలో సుమారు సగం వంశానుగతమని ఆధునిక శాస్త్రం చెబుతున్నది. 1973లో వెలువడిన డెన్మార్క్ పరిశోధనలో, వ్యసనపరుల కుమారులు శైశవంలోనే దత్తు వెళ్లి వేరే ఇళ్లలో పెరిగినా, ఇతర దత్తపుత్రుల కంటే దాదాపు 4 రెట్లు ఎక్కువగా వ్యసనానికి లోనయ్యారు. అయినా వారిలో నూటికి 80 మందికి పైగా సుమారు 30 ఏళ్ల వయస్సు నాటికి వ్యసనపరులు కాలేదు.

"మావాడు ఎంత తాగినా తూలడు" అని గర్వించేవారున్నారు. అది బలం కాదు. మత్తు ఆలస్యంగా ఎక్కేవాడు మరింత తాగుతాడు. వ్యసనానికి త్వరగా చిక్కుతాడు.

ఇంటి కలహం ఈ బీజానికి నీరు పోస్తుంది. రాత్రివేళ తల్లిదండ్రుల కేకలకు బిడ్డల నిద్ర చెడుతుంది. భయం, క్రోధం మనస్సులో నిలిచిపోతాయి. ఆ బాధను మరపించేదేదో దొరికిన చోటికే అడుగులు పడతాయి. సంక్రాంతి పందెంబరి వద్ద చేతికందిన మొదటి గ్లాసు అలాంటి పిల్లవానికి సరదాతో ఆగదు.

కనుక గృహస్థులు పాటించవలసినవి:

1. వంశంలో మధుమేహం ఉంటే చెప్పినట్లే, ఈ వ్యసనం సంగతి కూడా పిల్లలకు 12, 13 ఏళ్లకే నిందలేకుండా చెప్పాలి.

2. సీసా తెమ్మని కుమారుని పంపరాదు. 15 ఏళ్లలోపు తాగడం మొదలుపెట్టిన వారిలో వ్యసనం, 20 దాటాక మొదలుపెట్టిన వారికంటే సుమారు 4 రెట్లు అధికమని 1997లో అమెరికాలో వెల్లడైంది.

3. భార్యాభర్తల వివాదాలు బిడ్డల ఎదుట వద్దు. ఒక పూటైనా అందరూ కలిసి భోజనం చేయాలి.

4. తాగి వచ్చిన కుమారుని ఆ రాత్రే కొట్టడం, పదిమందిలో అవమానించడం తగదు. మరునాడు తెలివిగా ఉన్నప్పుడు మాట్లాడాలి.

మజ్జిగ, నిమ్మరసం వ్యసనాన్ని మాన్పలేవు. తెలియకుండా అన్నంలో కలిపే పొడులను నమ్మవద్దు. నిత్యం అధికంగా తాగేవారు హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమణం కలిగి ప్రాణాపాయం రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలి, ఆ లక్షణాలు కనిపిస్తే తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. సలహా కోసం ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు.