శిబిరానికి వచ్చిందెవరు?

ఉద్యోగుల కోసం సంస్థలు వైద్య శిబిరాలు, యోగా తరగతులు నిర్వహించడం పరిపాటైంది. శిబిరం ముగియగానే నమోదు పుస్తకంలోని పేర్లు లెక్కించి 'విశేష స్పందన' అని నివేదిక రాస్తారు. ఆ అంకె చెప్పేది స్వల్పమేనని అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన అధ్యయనం చాటింది.

2016లో అక్కడ 4,834 మంది ఉద్యోగులను లాటరీ పద్ధతిలో విభజించారు. 3,300 మందిని కార్యక్రమానికి ఆహ్వానించి, మిగిలిన వారిని పోలిక కోసం విడిగా ఉంచారు. పిలిచినవారిలో 56 శాతం మంది ఆరోగ్య పరీక్షలు పూర్తి చేయించుకోగా, తొలి విడత తరగతులను పూర్తిచేసిన వారు సుమారు 27 శాతమే. పరీక్షలకు నగదు బహుమతి లేనప్పుడు 47 శాతం, వంద డాలర్లిస్తే 59 శాతం, రెండొందలిస్తే 63 శాతం హాజరయ్యారు. రెండో వంద డాలర్లు తెచ్చింది నాలుగు శాతమేనన్నమాట.

అసలు చిక్కు వేరే ఉంది. ముందుకొచ్చిన వారి వైద్య ఖర్చులు కార్యక్రమం మొదలుకాక ముందే తక్కువ. వచ్చినవారిని రానివారితో పోల్చితే కార్యక్రమం ఘనవిజయంలా కనిపిస్తుంది. పిలిచినవారందరినీ పిలవనివారితో పోల్చినప్పుడు మాత్రం వైద్య ఖర్చులోగానీ, వ్యాయామశాలకు వెళ్లడంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అందువల్ల హాజరును కార్యాలయానికి ఆనాడు వచ్చినవారితో గాక, రాత్రి షిఫ్టు, కాంట్రాక్టు కార్మికులతో సహా మొత్తం సిబ్బందితో భాగించాలి. నమోదు, పరీక్ష, తరగతుల పూర్తి అనే దశలను వేర్వేరుగా లెక్కించాలి. ఏ విభాగం నుంచి ఎవరూ రాలేదో తెలిస్తే కారణం వెతకవచ్చు. పరీక్షా ఫలితాలు యాజమాన్యానికి చేరతాయన్న భయం ఉంటే బీపీ, మధుమేహం ఉన్నవారే ముందుగా వెనుకంజ వేస్తారు.