గెడ్డ రంగు మారినప్పుడు

సెలవు రోజులలో ఉదయం పూట దువ్వాడ స్టేషనులో కాసేపు నిలబడితే, టిఫిను క్యారేజీలు, మంచినీళ్ళ సీసాలు పట్టుకొని రాజమండ్రి వైపు బయలుదేరే కుటుంబాలు ఎన్నో కనబడతాయి. సుమారు మూడు గంటల ప్రయాణం. అక్కడ నుండి పాపికొండలు. కొందరైతే వ్యాను మాట్లాడుకొని అరకు, పాడేరు వైపు వెళతారు. మా సంఘమూ ఏటా ఒకసారి అలా బయలుదేరుతూనే ఉంటుంది. వంట సామాను లెక్క చూసుకుంటాము, వ్యాను కిరాయి దగ్గర గంటసేపు బేరమాడతాము. వెళ్ళేచోట నీరు ఎలా ఉందని మాత్రం ఎవరమూ అడగము. కొన్నేళ్ళ క్రితం ఒక అక్టోబరు నెల వరకు మేమూ అడిగి ఎరగము.

ఆ నెలలో ఏజెన్సీలోని ఒక చిన్న సంఘం వారు బాప్తిస్మపు కూడికకు మమ్మును పిలిచారు. బాప్తిస్మం తీసుకొనేవారు తొమ్మిదిమంది, అందులో నెలలు నిండిన చంటిబిడ్డను అత్తగారి చేతికిచ్చి వచ్చిన తల్లి ఒకరు. గెడ్డ ఊరికి ఫర్లాంగు దూరంలో ఉంది. ఎండ కాస్తున్నది. నీరు మోకాలి లోతు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చు. పాట మొదలైంది, మా పిల్లలు అప్పటికే చెప్పులు విప్పి నీళ్ళలో దిగారు. అప్పుడు ఆ ఊరి పెద్దాయన ఒకరు ముందుకు వచ్చి, పాస్టరుగారి చెయ్యి పట్టుకొని ఆపారు.

"అయ్యగారూ, ఆగండి. నీరు రంగు మారతంది. పైన కొండ మీద వాన పడింది."

మాకు ఏ మార్పూ కనబడలేదు. ఆయన చూపించాక కనబడింది. నీటి మీద ఎండుటాకులు, చిన్నచిన్న పుల్లలు ఎక్కువగా వస్తున్నాయి. అడుగు రాళ్ళు మసకబారాయి. పిల్లలను పైకి పిలిస్తే, నిజం చెప్పాలంటే, మాలో కొందరు విసుక్కున్నాము. ఇంత దూరం వచ్చి ఇదేమి ఆటంకం అనుకున్నాము. అరగంట గడవక ముందే ఎర్రనీరు హోరుమంటూ వచ్చి, మేము నిలబడిన బండ మీదుగా పారింది. మా తలల మీద మాత్రం ఒక్క చినుకు పడలేదు.

కొండ గెడ్డల తీరే అది. పల్లపు ఏరు నిండటానికి రోజులు పడుతుంది, కొండ గెడ్డకు గంట చాలు. నిటారు వాలు మీద పడిన వాన ఇంకే వ్యవధి లేక నాలుగు దిక్కుల నుండి ఒకే ఇరుకు దారిలోకి దూకుతుంది. లోతు కంటే వేగమే ప్రమాదం. వేగం రెండింతలైతే మన కాళ్ళ మీద పడే తోపు నాలుగింతలవుతుంది. మోకాలి లోతే గదా అని దాటబోయిన బలమైన మగవారు కూడా పడిపోయేది అందుకే. చాపరాయి వంటి చోట్ల నాచు పట్టిన బండ మీద జారితే ఇక పట్టు దొరకదు.

మన కొండల మీద కురిసిన వాన ఎక్కడికి పోతుందో కూడా ఆలోచించవలసినదే. శారద, వరాహ, తాండవ నదులు తూర్పుకు పారి మన సముద్రంలోనే కలుస్తాయి. మాచ్‌ఖండ్ మాత్రం అటు తిరిగి సీలేరై, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. ఆ దిగువనే పాపికొండలు. పాడేరు వైపు కురిసిన వానలో కొంత, మనం రైలెక్కి చూడబోయే గోదావరిలో మన కంటే ముందుగా వెళ్ళి ఉంటుందన్నమాట.

2019 సెప్టెంబరు 15 ఆదివారం నాడు దేవీపట్నం మండలంలోని కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి విశాఖ వాసులు మరువలేరు. పాపికొండలకు బయలుదేరిన ఆ బోటులో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. మన విశాఖ నుండి వెళ్ళిన ఒకే కుటుంబపు వారు పలువురు అందులో పోయారు. ఆ రోజు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. అంటే సెకనుకు కోటీ నలభై లక్షల లీటర్లు! అంత నీరు ఆ కొండల ఇరుకులో నుండి, మలుపుల్లో సుడులు తిరుగుతూ పోవాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులకు. 5 లక్షలంటే అందులో సగమే. ఆ హెచ్చరిక గట్టున ఉన్న ఊళ్ళ కోసం పెట్టిన కొలత, బోటు ఎక్కేవారి కోసం కాదు. "హెచ్చరిక లేదు గదా, వెళ్ళవచ్చు" అనుకొనేవారు ఈ తేడా తెలుసుకోవాలి. ఆ 26 మందిలో చాలామందిని చిన్న పడవలు వేసుకొని వచ్చి లాగినది గట్టు మీది గ్రామస్థులు. లైఫ్ జాకెట్లు ఉక్కపోస్తున్నదని విప్పి పక్కన పెట్టినవారు ఉన్నారని బతికినవారు చెప్పారు. బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయింది.

విహారానికి వెళ్ళేవారికే ఈ అపాయం అనుకోవద్దు. 2021 మే నెలలో సీలేరు జలాశయంలో, కూలిపనుల నుండి ఒడిశాలోని తమ ఊరికి తిరిగి వెళుతున్నవారి నాటుపడవలు రాత్రివేళ మునిగి, పిల్లలతో సహా ప్రాణాలు పోయాయి. వారి దగ్గర విప్పి పక్కన పెట్టడానికైనా జాకెట్లు లేవు.

వాన ఒక్కటే నీటిని పెంచదు. 2014 జూన్ 8న హైదరాబాదులోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో మండి జిల్లాలోని బియాస్ నదిలో ఫొటోల కోసం రాళ్ళ మీదికి దిగారు. సాయంత్రం వేళ, ప్రశాంతంగా ఉన్న నది. పైన లార్జి జలవిద్యుత్ కేంద్రం ఉంది. కరెంటు ఉత్పత్తి తగ్గించినప్పుడు యంత్రాల గుండా పోవలసిన నీరు నిలిచిపోతుంది గదా, ఆ నీటిని గేట్లు ఎత్తి వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. కొందరి దేహాల కోసం తలిదండ్రులు వారాల తరబడి ఆ గట్టున ఎదురుచూశారు. మనకూ మాచ్‌ఖండ్, ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. వాటి దిగువన ఎండాకాలంలోనైనా బండల మీద కూర్చొని భోజనం చేయబోయే ముందు ఎవరినైనా అడిగి తీరాలి.

ఉద్యోగాలకు ఢిల్లీ, బెంగుళూరు వెళ్ళిన మన పిల్లలు ఇప్పుడు కులు, ఋషికేశ్ వెళ్ళి గాలి పడవలెక్కి తెల్లని నురుగు నీటిలో తెడ్లు వేస్తున్నారు. వద్దంటే వినే వయసు కాదు. మేమూ వద్దనము. అక్కడ ప్రవాహాలను ఒకటి నుండి ఆరు వరకు తరగతులుగా విభజిస్తారు. మొదటిది పిల్లల ఆట, ఆరవది నేర్పరులకే ప్రాణసంకటం. ఏ తరగతో అడిగి ఎక్కమనండి. కులులో జూలై 15 నుండి సెప్టెంబరు 15 వరకు ఈ పడవలను ఆపుతారు, ఆ రోజుల్లో తక్కువ డబ్బుకు తిప్పుతామనేవారి వెంట వెళ్ళవద్దనండి. జాకెట్టు పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర ఎవరిచేతనైనా పైకి లాగించి చూసుకోవాలి. చెవుల దాకా వస్తే అది వదులైనదే. నీళ్ళలో పడితే లేచి నిలబడాలని చూడకూడదు. రాళ్ళ సందున పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు దిగువకు చాచి, నెమ్మది నీరు వచ్చినప్పుడు గట్టుకు ఈదాలి. నీటిలో కూలిన చెట్టు కనబడితే దూరంగా తప్పుకోవాలి. నీరు కొమ్మల సందున పోతుంది, మనిషి పోలేడు.

ఈ మాటలు ఇంట్లో చెబితే మావాళ్ళు నవ్వారు. "అంత భయమైతే ఇంట్లోనే కూర్చోండి" అన్నారు ఒకరు. కిందటి ఏడు పాపికొండలకు వెళ్ళేటప్పుడు మాత్రం, ఆ నవ్విన మనిషే బోటు వారిని ఎంతమందికి అనుమతి ఉందో, పైన నీరు ఎంత వస్తున్నదో అడిగారు. అడిగితే కోప్పడే బోటు ఎక్కకూడదని మేము ముందే అనుకున్నాము. ఆయన కోప్పడలేదు, కాగితం చూపించారు. పిల్లల కొలత జాకెట్లు రెండు తక్కువైతే, ఇద్దరు తల్లులు పిల్లలతో తరువాతి బోటు వరకు ఆగారు. మధ్యాహ్నం భోజనం చల్లారిపోయిందని తప్ప వారికి వేరే ఫిర్యాదు లేదు.

ఆ అక్టోబరు బాప్తిస్మం మరుసటి ఆదివారం అదే గెడ్డలో జరిగింది. మేము మళ్ళీ వెళ్ళాము. ఆ పెద్దాయన అందరికంటే ముందు వచ్చి, నీటి అంచున ఒక పుల్ల గుచ్చి ఉంచారు. తొమ్మిదిమందీ ఒకరి తరువాత ఒకరు దిగి పైకి వచ్చేవరకు ఆయన పాట పాడుతూనే ఉన్నారు గాని, కళ్ళు మాత్రం ఆ పుల్ల మీదనే ఉన్నాయి.