కారు బజారు: కాచుకొనే వంతు ఎవరిది?

మన సంఘ కుటుంబాలలో కారు వున్న యిళ్ళు ఏటేటా పెరుగుతున్నవి. కొత్త కారు కొన్నవారిని మనం అడిగే ప్రశ్నలు మూడే. ఏ కంపెనీది? ఎంత పడింది? లీటరుకు ఎంత నడుస్తుంది? ఏ కొట్టులో కొన్నారు అని అడిగేవారు అరుదు. కారు తయారుచేసిన కంపెనీ ముఖం మనం యెన్నడూ చూడబోము. మన డబ్బు పుచ్చుకొనేవాడు డీలరు, తాళపుచెవి చేతిలో పెట్టేవాడు డీలరు, ఆ తరువాత పదేళ్ళపాటు మరమ్మతు చూడవలసినవాడూ డీలరే. ఆ డీలరు స్థితి వెనుకటి రోజులలో ఎట్లా వుండేది, ఇప్పుడు ఎట్లా వున్నది, ఆ మార్పు మన జేబు మీదికి ఎట్లా వస్తున్నది అనే సంగతులు నాలుగు చెప్పదలచాము. మేము మోటారు వర్తకులము కాము, ఆఫీసు గుమాస్తాలము. అయినా లెక్కల పుస్తకం చదవడం వచ్చును గనుక ఈ సాహసం చేస్తున్నాము.

పర్మిటు రోజులు

చెన్నపట్నంలో పెరిగినవారికి మౌంటురోడ్డు అంటే మోటారు కంపెనీల వీధి. సింప్సన్, ఆడిసన్, టి.వి.ఎస్. అనే పేర్లు మన తాతల నాటి నుంచీ వింటున్నవే. స్వాతంత్ర్యానికి పూర్వం విదేశీ కంపెనీలు విడిభాగాలను ఓడలమీద తెచ్చి ఇక్కడ బిగించేవి. జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయిలో అట్టి కర్మాగారం పెట్టారు. ఫోర్డువారు బొంబాయి, కలకత్తా, మద్రాసులలో ఆ పనే సాగించారు. ఊళ్ళలోని ఏజెంట్లు ఆ కార్లను అమ్మేవారు. 1953లో టారిఫ్ కమిషను, ఈ దేశంలోనే కార్లు తయారుచేసే ప్రణాళిక లేని కంపెనీలు వుండనక్కరలేదని సిఫారసు చేసింది. దానితో ఆ రెండు కంపెనీలూ మూట గట్టుకొన్నవి. అటు తరువాత చిరకాలం మనకు మిగిలినవి ముఖ్యంగా మూడు కార్లు: ఉత్తరపారా అంబాసిడరు, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డు.

సరకు తక్కువ, ఆశపడేవారు ఎక్కువ. 1959లో కేంద్ర ప్రభుత్వం కార్ల పంపిణీ, అమ్మకాలపై నియంత్రణ ఉత్తర్వు జారీచేసింది. డీలరు వద్ద పేరు వ్రాయించుకొని, పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకులో డిపాజిట్టు వుంచి, వంతు వచ్చేదాకా కాచుకోవాలి. ప్రభుత్వ కోటా వేరు. ఫియట్ కారుకోసం ఏళ్ళ తరబడి ఎదురుచూచినవారు మన పెద్దలలో వున్నారు. వంతు వచ్చినవాడి కాగితానికి చాటున పై ధర పలికేది. ఏ రంగు కావాలని అడిగే మర్యాద డీలరుకు అవసరం లేదు. వచ్చిన రంగే నచ్చిన రంగు. సరకు వచ్చేలోగానే కొనేవాడు సిద్ధంగా వుండేవాడు గనుక కొట్టువానికి నష్టమనే మాట తెలియదు.

1983లో మారుతి వచ్చినప్పుడు కూడా మొదట జరిగింది ఇదే. పదివేల రూపాయల అడ్వాన్సు కట్టి లక్షమందికి పైగా పేర్లు వ్రాయించుకొన్నారు. ఆ యేడు డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ చేతులమీదుగా మొదటి కారు తాళపుచెవులు అందజేశారు. 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన తీసివేయడంతో కొరియా, అమెరికా, జపాను కంపెనీలు ఒకటి తరువాత ఒకటి దిగినవి. ఫోర్డు తిరిగి వచ్చి మరైమలై నగరులో కర్మాగారం పెట్టింది. హ్యుందాయి శ్రీపెరుంబుదూరులో పెట్టి, 1998లో సాంట్రో విడుదల చేసింది. కొద్ది ఏళ్ళలోనే వరుస తిరగబడింది. కొనేవాడు కారుకోసం కాచుకోవడం పోయి, కొనేవాడికోసం కారు కాచుకోవడం వచ్చింది.

నిలబడ్డ కారుకు మేత

పత్రికలలో నెలనెలా కార్ల అమ్మకాల లెక్కలు వస్తవి. వాటిలో రెండు రకాలున్నవి. కంపెనీలు చెప్పే లెక్క కర్మాగారం నుంచి డీలరుకు పంపిన కార్లది. డీలరు నుంచి మనవంటివారు కొని రిజిస్టరు చేయించుకొన్న కార్ల లెక్క వేరు. కారు కర్మాగారపు గేటు దాటితే కంపెనీకి అమ్మకం జరిగిపోయినట్లే. డీలరుకు మాత్రం అప్పుడే కథ మొదలవుతుంది. అతడు బ్యాంకులో అప్పు తెచ్చి కంపెనీకి సొమ్ము చెల్లిస్తాడు. కొన్నాళ్ళ గడువు దాటితే ప్రతి కారుకూ రోజువారీగా వడ్డీ పడుతుంది.

మా పినతండ్రిగారి అల్లుడు ఒక షోరూములో లెక్కలు వ్రాస్తారు. ఒకనాడు మాటలలో, "బావగారూ, కట్టేసిన గొడ్డు వూరికే వుండదు, మేత మేస్తుంది. మా యార్డులో నిలబడ్డ కారూ అంతే" అన్నారు. ఇంతకంటె తేటగా మేము చెప్పలేము.

డీలర్ల సంఘమైన ఫాడా 1964లో ఏర్పడింది. వారి మాట ప్రకారం డీలరు దగ్గర మూడు వారాల అమ్మకానికి సరిపడే సరకు వుంటే చాలు. 2024 దసరా దినాల ముందు అదే సంఘం చెప్పిన లెక్క చూడండి. 80 నుంచి 85 రోజుల సరకు, అనగా సుమారు 7 లక్షల 90 వేల కార్లు, 79,000 కోట్ల రూపాయల విలువ గలవి, డీలర్ల యార్డులలో నిలిచి వున్నవి. ఇంత సరకుకు అయ్యే వడ్డీ ఎవరో ఒకరు మోయాలి గదా!

సర్కారు ఉత్తర్వుల భారం కూడా మొదట డీలరు మీదనే పడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 పొగ ప్రమాణం వచ్చింది. పాత ప్రమాణపు బండ్లు మార్చి 31 దాటి అమ్మరాదని సుప్రీంకోర్టు ముందే చెప్పివున్నది. మార్చి 25న లాక్‌డౌను వచ్చి కొట్లు మూతపడగా, మిగిలిన సరకు యార్డులలోనే చిక్కుపడ్డది. 2025లో మరొక విధంగా జరిగింది. పన్ను తగ్గబోతున్నదని ఆగస్టు 15న ప్రకటన వచ్చింది. సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జి.ఎస్.టి. 28 నుంచి 18కి దిగింది, సెస్సు తొలగింది. కొనేవారికి ఇది శుభవార్తే. కాని ఆ అయిదు వారాలు బేరం ఆడేవాడు లేడు. అంతకుముందు సరకుపై కట్టిన సెస్సు సొమ్ము తిరిగి సర్దుబాటు కాక డీలర్ల ఖాతాలలో నిలిచిపోయింది.

కంపెనీ వెళ్ళిపోతే

సరకు నిలిచిపోవడం ఒక బాధ. సరకు పంపే కంపెనీయే లేకుండా పోవడం అంతకు మించిన బాధ. జనరల్ మోటార్సువారు 2017 చివరకు ఈ దేశంలో అమ్మకం మానివేశారు. ఫోర్డువారు 2021 సెప్టెంబరులో తయారీ ఆపుతున్నట్లు ప్రకటించారు. ఫాడా చెప్పిన ప్రకారం ఫోర్డుకు అప్పుడు 170 మంది డీలర్లు, వారికి 391 కొట్లు. వారి పెట్టుబడి దాదాపు 2,000 కోట్ల రూపాయలు. ఆ కొట్లలో జీతగాండ్రు సుమారు 40,000 మంది. కంపెనీ చెప్పిన కొలతల ప్రకారం అద్దాల మేడ కట్టించి, ప్రత్యేక పనిముట్లు కొని, మనుషులను తర్ఫీదు చేసినవారు ఒక్క ప్రకటనతో దిక్కు తోచక నిలబడ్డారు. విడిభాగాలు, సర్వీసు కొనసాగిస్తామని కంపెనీ మాట యిచ్చింది. కాని అమ్మకం లేని కొట్టులో అద్దె, జీతాలు ఎంతకాలం గిట్టుతవి?

అమెరికాలో డీలర్లు కంపెనీపై కోర్టుకు పోగలిగే చట్టం 1956లోనే వచ్చింది. మన దేశంలో అట్టి రక్షణ చట్టం కావాలని ఫాడా చాలాకాలంగా కోరుతున్నది.

ఇది వర్తకుల గోడు, మనకేమిటి అనుకోరాదు. మా ఆఫీసులో ఒకరు నాలుగేళ్ళ సర్వీసుకు ముందుగానే సొమ్ము కట్టారు. ఏడాదిన్నర తిరగక ముందే ఆ కొట్టు తలుపులు మూసుకొన్నది. కొట్టు పేరు ఇక్కడ అనవసరం. రసీదు చూస్తే, ఆ పథకం కంపెనీది కాదు, కొట్టువారు సొంతంగా పెట్టుకొన్నది. పక్క పేటలోని మరొక డీలరు రసీదు చూచి, తమకు సంబంధం లేదన్నాడు. కట్టిన సొమ్ము నీళ్ళపాలైంది.

బేరంలో తిరకాసు

కారు అమ్మితే డీలరుకు మిగిలేది తక్కువ. అందులోనే పోటీ కొట్టుతో సమానంగా రాయితీ యివ్వాలి. అందుచేత సర్వీసు, విడిభాగాలు, బీమా కమిషను, అప్పు కమిషను, సీటు తొడుగులవంటి అలంకార సామగ్రి మీద అతడి బతుకు ఆధారపడి వున్నది. బీమా ఇక్కడే చేయించండి అని సేల్సు కుర్రవాడు పట్టుపట్టడానికి కారణం ఇదే. విడిభాగాలు బయట దొరకనీయకుండా చేస్తున్నారని 2014లో కాంపిటీషన్ కమిషను 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల జరిమానా విధించింది. డీలర్లు తమ యిష్టప్రకారం రాయితీ యివ్వకుండా అడ్డుపడ్డదని 2021లో మారుతికి 200 కోట్లు విధించింది. ఈ తీర్పులపై కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళినవి.

ఇప్పుడు ఈ పద్ధతియే మారే సూచనలున్నవి. మెర్సిడెస్‌వారు 2021 నుంచి సరకు తమ పేరనే వుంచుకొని, దేశమంతటా ఒకే ధరకు తామే బిల్లు వేస్తున్నారు. డీలరుకు కమిషను యిస్తారు. దీనివల్ల వడ్డీ బాధ తగ్గుతుంది, యజమానితనమూ తగ్గుతుంది. టెస్లావారు 2025 జూలైలో బొంబాయిలో తమ సొంత షోరూమే తెరిచారు. విద్యుత్తు కార్లకు ఇంజను ఆయిలు మార్చే పని లేదు. అవి పెరిగినకొద్దీ సర్వీసు రాబడిమీద బతికే కొట్టుకు చిక్కు తప్పదు.

మనం చూచుకోవలసినవి

కొట్టుతో మనకు పది పదిహేనేళ్ళ సంబంధం గనుక కారును పరీక్షించినట్లే కొట్టునూ పరీక్షించాలి.

మొదటిది, కారు తయారైన నెల, సంవత్సరం అడగండి. అవి అమ్మకపు సర్టిఫికేటులో వుంటవి. చాలాకాలం యార్డులో నిలిచిన బండి అయితే రాయితీ అడగడం తప్పు కాదు. రెండవది, కారు ధర, రోడ్డు పన్ను, బీమా, తక్కిన ఖర్చులు విడివిడిగా వ్రాయించుకోండి. బీమా మీకు నచ్చినచోట చేయించుకొనే హక్కు మీకున్నది. మూడవది, అడ్వాన్సు సొమ్ము సేల్సు కుర్రవాడి చేతికి గాక కొట్టు ఖాతాకు కట్టి రసీదు పుచ్చుకోండి. బేరం రద్దయితే ఎంత తిరిగి వస్తుందో అందులో వుండాలి. నాలుగవది, ముందుగా కట్టే సర్వీసు పథకం, అదనపు గ్యారంటీ కంపెనీవా, కొట్టువా అని కాగితంమీద చూచుకోండి.

అయిదవది మనవారికి ప్రత్యేకం. మనం వుండేది ఒక రాష్ట్రం, సొంతవూరు మరొక రాష్ట్రం. యానాంలో పన్ను తక్కువ, పుదుచ్చేరిలో తక్కువ అని విని, అక్కడ నివాసం లేకుండానే బంధువుల చిరునామాతో కారు రిజిస్టరు చేయించేవారున్నారు. ఒక రాష్ట్రపు బండి మరొక రాష్ట్రంలో 12 నెలలు దాటి వుంటే అక్కడి నెంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెప్తున్నది. అప్పుడు పన్నూ తప్పదు, తిరుగుడూ తప్పదు. కారు ఎక్కడ నడుస్తుందో అక్కడే కొనడం మంచిది.

వెనుక కొనేవాడు అణిగివుండే కాలంలో డీలరుకు పొగరు వుండేదని పెద్దలు చెప్తారు. నేడు డీలరు అప్పుల మధ్య చిరునవ్వు నవ్వుతున్నాడు. ఆ చిరునవ్వుకు మోసపోనక్కరలేదు, దానిని అలుసుగా తీసుకోనూ అక్కరలేదు. ఆఖరి రూపాయివరకు బేరమాడి అతడిని పిండితే, ఆ రూపాయి మరమ్మతు బిల్లులో తిరిగి వస్తుంది. న్యాయమైన ధర యిచ్చి, కాగితాలన్నీ సరిగా పుచ్చుకొని, నిలకడ గల కొట్టును ఎంచుకొన్నవారికి కారు సుఖం దక్కుతుంది. పండుగకు కొత్త బండి కొనబోయే మన కుటుంబాలకు ఈ నాలుగు మాటలూ పనికివస్తే మేము వ్రాసినదానికి ఫలం దక్కినట్లే.