తల దొరకని కథలు

ఒకప్పుడు జగిత్యాలలో మా ఇంటి టీవీలో ‘ఆదిత్య 369’ వస్తోంది. యంత్రం గిర్రున తిరిగి వెళ్లి 1526 నాటి విజయనగరంలో దిగింది. రాయలవారి కొలువు, పక్కన తెనాలి రామకృష్ణుడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తెర నడుమ ఒక తెల్ల చుక్క మిగిలి, చిన్నదై చిన్నదై ఆరిపోయింది. చీకట్లో విసనకర్ర చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కరెంటు వచ్చేసరికి వార్తలు నడుస్తున్నాయి. ఆ యంత్రం తిరిగి ఇంటికి చేరిందో లేదో తెలుసుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదంతా నేనే రోజుకో ముగింపు అల్లుకున్నాను. సినిమాలో మిగతాదంతా మరిచిపోయినా ఆ తెల్ల చుక్క మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

కాలంలో ప్రయాణించే కథలు, అందులోనూ టీవీ కథలు ఇట్లా నడుమ తెగిపోవడం చాలా ఎక్కువ. కొన్నింటిలో రహస్యాన్ని కావాలనే దాచారు. కొన్నింటిని నిర్దాక్షిణ్యంగా కోసేశారు. ఈ రెండూ ఒకటి కావు. దాచినవాళ్లంటే నాకు గౌరవం. కోసేసినవాటిని తలచుకుంటే మాత్రం ఇవాళ్టికీ బాధే.

ఇల్లు చేరని మనిషి

ఈ వరసలో మొదటి పీట అమెరికా సీరియల్ ‘క్వాంటమ్ లీప్’ది. శామ్ బెకెట్ అనే శాస్త్రవేత్త తను పుట్టినప్పటి నుంచి గడిచిన ఏదో ఒక రోజుకు, ఎవరో ఒకరి స్థానంలోకి దూకుతాడు. అక్కడ జరిగిన ఒక తప్పును సరిచేస్తాడు, మళ్లీ దూకుతాడు. ఈసారైనా ఇంటికి చేరతానేమోనని ప్రతిసారీ ఆశపడతాడు. 1989 మార్చిలో మొదలైన ఈ కథ 1993 మే 5న ఆగిపోయింది. ఆఖరున నల్లటి తెర మీద ఒక్క వాక్యం వేశారు, శామ్ ఇక ఇల్లు చేరలేదని. నాలుగేళ్లు అతని వెంట తిరిగిన ప్రేక్షకుడికి దక్కింది ఆ ఒక్క ముక్క. అందులోనూ అతని ఇంటిపేరులో ఒక అక్షరం తగ్గింది. 2022లో కొత్త నటులతో మళ్లీ మొదలుపెట్టారు. శామ్ జాడ తెలుస్తుందని ఎదురుచూసినవాళ్లు ఎందరో. రెండు సీజన్లు గడిచి 2024లో అదీ ఆగిపోయింది. శామ్ ఇంకా దారిలోనే ఉన్నాడు.

అన్నిటికన్నా పెద్ద దూకుడు

ఎక్కువ దూరం దూకినవాడి లెక్క తీస్తే ఏ సీరియల్ మన భాగవతం దరిదాపులకు రాదు. కకుద్మి అనే రాజు కూతురు రేవతికి తగిన వరుణ్ని అడగడానికి బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గంధర్వుల పాట నడుస్తోంది. అది అయ్యేదాకా ఆగి, తర్వాత తన మాట చెప్పుకుంటాడు. బ్రహ్మ నవ్వి, ఈ లోగా భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయంటాడు. ఒక చతుర్యుగం 43,20,000 ఏళ్లు. మొత్తం 11 కోట్ల 66 లక్షల ఏళ్ల పైమాటే, అంతా ఒక పాట వినేంత సేపట్లో. రేవతి బలరాముణ్ని పెళ్లాడింది, కథ సుఖాంతమైంది. కానీ కకుద్మి మనసులో ఉంచుకుని వెళ్లిన ఆ వరులు, వాళ్ల కొడుకులు, మనుమలు? వాళ్ల పేర్లు కూడా వినబడటం లేదని బ్రహ్మ ఒక్క మాటలో తేల్చేస్తాడు. తిరిగొచ్చేసరికి తెలిసిన మొహం ఒక్కటీ లేని ఊరు! ఈ కథ ఎన్నిసార్లు విన్నా నాకు పెళ్లి కన్నా ఆ ఊరే గుర్తుంటుంది.

పేరు చెప్పని డాక్టర్

దాచడంలో రికార్డు బీబీసీ వారి ‘డాక్టర్ హూ’ది. కెనడీ హత్య జరిగిన మర్నాడు, 1963 నవంబర్ 23న మొదటి ఎపిసోడ్ వచ్చింది. నీలం రంగు పోలీసు పెట్టెలో కాలమంతా తిరిగే ఆ డాక్టర్ అసలు పేరేమిటో అరవై ఏళ్లు దాటినా ప్రేక్షకులకు చెప్పలేదు. 2008లో ఒక ఎపిసోడ్‌లో ఒకావిడ ఆ పేరును అతని చెవిలో చెబుతుంది. అతని మొహం పాలిపోతుంది. మనకు వినపడదు. ఎందరు రచయితలు మారినా ఎవరూ ఆ ముడి విప్పలేదు. ఇంతమంది కట్టుబడి కాపాడిన రహస్యం టీవీలో ఇంకొకటి నాకు కనబడదు.

ఇదే సీరియల్‌కు వేరే గాయం ఒకటుంది. అప్పట్లో టేపులు ఖరీదు. పాతవి చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. అట్లా 1960ల నాటి ఎపిసోడ్లు వంద దాకా మాయమయ్యాయి. అయినా ఒక్కదాని శబ్దం కూడా పోలేదు. పిల్లలు, పెద్దలు ఇళ్లలో టీవీ పక్కన రికార్డర్ పెట్టి దాచుకున్నారు కాబట్టి మాటలన్నీ మిగిలాయి. 2013లో నైజీరియాలోని జోస్ నగరంలో ఒక టీవీ స్టేషన్ నుంచి తొమ్మిది ఎపిసోడ్లు దొరికాయన్న వార్త చదివిన రోజు నాకు పండగే.

కోసేసినవాటిలో రెండు చెప్పాలి. ‘టెర్మినేటర్’ సినిమాల కొసను పట్టుకుని తీసిన సారా కానర్ సీరియల్ 2009లో 31 ఎపిసోడ్లకే ఆగింది. ఆఖరి ఘట్టంలో జాన్ కానర్ భవిష్యత్తులోకి దూకుతాడు. అతన్ని నాయకుడిగా కొలవాల్సిన ఆ లోకంలో అతనెవరో ఎవరికీ తెలియదు. అంతటితో సరి. ‘స్టార్ ట్రెక్: ఎంటర్‌ప్రైజ్’లో భవిష్యత్తు నుంచి యుద్ధం నడిపించే నీడ మనిషి ఒకడుంటాడు. 2005లో సీరియల్ అయిపోయేదాకా తెర మీద వాడి మొహమూ చూపలేదు, పేరూ చెప్పలేదు.

వీటన్నిటికీ ఎదురు నిలిచేది జర్మన్ ‘డార్క్’. మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లు. ముందే మూడని లెక్క గీసుకుని, వేసిన ముడులన్నీ విప్పారు. కథలో ప్రళయం వచ్చే తేదీ 2020 జూన్ 27. చివరి సీజన్‌ను సరిగ్గా ఆ రోజే విడుదల చేశారు. మన దగ్గర ‘ఆదిత్య 369’ 1991 జూలైలో వచ్చింది. దానికి కొనసాగింపుగా ‘ఆదిత్య 999’ అన్న పేరు ఎన్నేళ్లుగానో వినిపిస్తూనే ఉంది. సింగీతం శ్రీనివాసరావు గారి యంత్రం మళ్లీ కదిలితే మొదటి ఆట టికెట్టు నాదే.

మన మట్టిలో మిగిలిన ఎపిసోడ్లు

ఇంత దూరం తిరిగి మా గోదావరి ఒడ్డుకు వస్తే ఇక్కడా ఇవే కథలు. పాత కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాలలో శాతవాహన సిముకుడి నాణేలు దొరికాయి. వాటితోపాటు గోబద, నారన, కంవాయ, సమగోప అన్న పేర్లున్న నాణేలూ బయటపడ్డాయి. వాళ్ల పేర్లు మనకు చెప్పింది ఆ నాణేలే. బొటనవేలి గోరంత రాగి ముక్క మీద పేరు మిగిలింది, కథ మిగలలేదు. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఇప్పుడు ఆ చోటును ఒరుసుకునే ఉంటాయి.

ఇంకా వెనక్కి వెళ్లాలి. కకుద్మి దూకినంత దూరం కూడా చాలదు, 17 కోట్ల ఏళ్లు దాటాలి. పాత ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత ఒడ్డు సీమలోని యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో భూగర్భ శాస్త్రవేత్తలు తవ్వితే, కాస్తంత నేలలోనే ఒకే జాతి రాక్షసిబల్లుల ఎముకలు 840 దాకా బయటపడ్డాయి. కనీసం పన్నెండు ప్రాణుల ఎముకలు. 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మా ఊళ్ల పేరు శాస్త్రం పుస్తకాల్లో అట్లా నిలిచిపోయింది. నది ఆవల సిరోంచ వైపు దొరికిన బరపాసారస్ అనే మరో రాక్షసిబల్లికి 1961 నాటి ఠాగూర్ శతజయంతి గుర్తుగా ఆయన పేరు కలిపారు. చిత్రమేమంటే ఈ రెండింటికీ తలకాయ దొరకలేదు. మెడ ఉంది, తోక ఉంది, తొడ ఎముకలున్నాయి. కపాలం లేదు, కోటాసారస్‌వి రెండు పళ్లు మాత్రం దొరికాయి.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్‌ను చూడటానికి మా మనుమణ్ని తీసుకెళ్లాను. “తాతా, దీని మొహం నిజందేనా?” అని అడిగాడు. కాదు, మనుషులు ఊహించి చేసిందని చెప్పాను. అసలుది ఎక్కడుందన్నాడు. దీన్ని ఎవరూ దాచలేదు, ఎవరూ కోసేయలేదు. వేమనపల్లి వైపు ఏ ఎర్రమట్టి గట్టు కిందో ఉండి ఉంటుందన్నాను. వాడు చాలాసేపు ఆ తల వంకే చూస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చాక నోట్‌బుక్‌లో తనే ఒక తల గీశాడు, తవ్వకంలో దొరికిన రెండు పళ్లను మాత్రం పెద్దవిగా వేశాడు.