డాలర్ వెలి

2018లో రష్యాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరుగుతున్నప్పుడు మెక్సికో జట్టు ప్రాక్టీసు చూసినవాళ్ళకు ఒక వింత కనిపించింది. ఆటగాళ్ళందరి చొక్కాల మీదా స్పాన్సర్ల గుర్తులున్నాయి. ఒక్క రఫాయెల్ మార్కెజ్ చొక్కా మాత్రం బోసిగా ఉంది. అతను మంచినీళ్ళు తాగే సీసా కూడా వేరే. బార్సిలోనాకు ఏళ్ళ తరబడి ఆడినవాడు, అయిదో ప్రపంచ కప్‌కు వచ్చినవాడు. అతనికి ఈ వేరు పంక్తి ఏమిటి?

అంతకు ముందు ఏడాది ఆగస్టులో అమెరికా ట్రెజరీ శాఖ అతని పేరును ఒక నల్లజాబితాలో చేర్చింది. మాదకద్రవ్యాల వ్యాపారి ఒకడికి బినామీగా ఉన్నాడన్నది ఆరోపణ. కాదన్నాడు మార్కెజ్. ఏ కోర్టూ అతణ్ణి దోషిగా తేల్చలేదు. 2021లో అదే శాఖ అతని పేరు తీసేసింది. ఈలోగా అమెరికా కంపెనీలేవీ అతనితో లావాదేవీ పెట్టుకోవడానికి వీల్లేకపోయింది. స్పాన్సర్లకు ఇబ్బంది రాకూడదనే ఆ బోసి చొక్కా, ఆ వేరు సీసా.

పూర్వం మన పల్లెల్లో ఎవరినైనా వెలివేస్తే కొట్టేవాళ్ళు కారు, కట్టేసేవాళ్ళు కారు. నిప్పు ఇచ్చేవాళ్ళు కారు, బావిలో చేద వెయ్యనిచ్చేవాళ్ళు కారు. కొట్టువాడు ఉప్పు కూడా అమ్మేవాడు కాదు. అమెరికా చేసే పనీ అదే. ఊరి కట్టుబాటు స్థానంలో డాలరు ఉంటుంది, అంతే తేడా.

ఈ వెలికి మూలం ఒక ఎమర్జెన్సీ. ఆ మాట వినగానే మనకు 1975 గుర్తొస్తుంది. ఆ ఇరవై ఒక్క నెలల చీకటి నడుస్తుండగానే, 1976 సెప్టెంబరులో, అమెరికా ఒక చట్టం చేసుకుంది. 1933లో ప్రకటించిన ఎమర్జెన్సీ కూడా అక్కడ అప్పటికింకా కాగితం మీద బతికే ఉంది. ఇకపై ఏ ఎమర్జెన్సీ అయినా ఏడాదికి దానంతట అదే ముగిసిపోవాలి, కావాలంటే అధ్యక్షుడు పొడిగించుకోవచ్చు అన్నారు. 1977 డిసెంబరులో మరో చట్టం వచ్చింది. విదేశాల నుంచి అసాధారణ ముప్పు ఉందని అధ్యక్షుడు ప్రకటిస్తే చాలు, ఆ ముప్పుతో సంబంధమున్న విదేశీయుల ఆస్తులను స్తంభింపజేయవచ్చు.

1995 అక్టోబరు 21న బిల్ క్లింటన్ ఈ అస్త్రాన్ని కొలంబియా మత్తుమందుల ముఠాల మీద ప్రయోగించాడు. ఉత్తర్వుకు జతచేసిన కాగితంలో నాలుగే పేర్లు: కాలీ కార్టెల్ నడిపే గిల్బెర్తో, మిగెల్ రోద్రిగెజ్ ఒరెహుఎలా సోదరులు, సాంతాక్రూజ్ లొండోన్యో, హెల్మర్ హెరేరా. పాబ్లో ఎస్కోబార్‌లా బాంబులు పేల్చి పేరు తెచ్చుకున్న రకం కాదు వీళ్ళు. సూటు వేసుకుని చిట్టా పద్దులు చూసుకునే రకం. కొకెయిన్ డబ్బును మందుల షాపుల్లో, ఆస్తుల్లో కలిపేశారు. సోదరులిద్దరూ అప్పటికే కొలంబియా జైల్లో ఉన్నా వ్యాపారాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

నాలుగు పేర్లతో మొదలైన జాబితా వందల్లోకి పెరిగింది. జనం దానికి ‘లిస్టా క్లింటన్’ అని పేరు పెట్టేశారు. అందులో పేరుంటే అమెరికాలోని సొమ్ము బిగుసుకుపోతుంది. అసలు దెబ్బ అది కాదు. ఏ దేశంలో డాలరు బదిలీ చేసినా అది సాధారణంగా అమెరికా బ్యాంకుల గుండానే పోవాలి. నిషేధాన్ని కావాలని ఉల్లంఘిస్తే ఇరవై ఏళ్ళ దాకా జైలు. దాంతో అమెరికా చట్టం వర్తించని కొలంబియా బ్యాంకు కూడా ‘మనకెందుకొచ్చిన తంటా’ అనుకుని ఖాతా మూసేస్తుంది. ముందు పేరు చేరుతుంది. కాదని నిరూపించుకోవలసిన బాధ్యత ఆ తర్వాత పేరున్నవాడిదే. జాబితాకు ఆధారమైన సమాచారంలో కొంత రహస్యంగానే ఉండిపోవచ్చు కూడా.

సోదరులకు వందల దుకాణాల మందుల షాపుల గొలుసు ఉండేది. పేరు ‘ద్రోగాస్ లా రెబాహా’. యాజమాన్యం ఉద్యోగుల సహకార సంఘానికి మారితే ఆ సంఘమూ జాబితాకెక్కింది. 1999లో ఆ సోదరులతో ముడిపడిన అమెరికా దే కాలీ ఫుట్‌బాల్ క్లబ్బు వంతు వచ్చింది. పేరులోనే అమెరికా ఉన్న జట్టును అమెరికా వెలివేయడం విధి వేళాకోళం కాక మరేమిటి? బ్యాంకు ఖాతా లేదు, స్పాన్సర్లు లేరు. అయినా మొండిగా ఆడి 2000, 2001, 2002లలో వరసగా టైటిళ్ళు గెలిచింది. మొండితనం ఎన్నాళ్ళు నిలుస్తుంది! 2011లో రెండో డివిజన్‌కు జారిపోయింది. 2013లో జాబితా నుంచి బయటపడింది కానీ మళ్ళీ పైకి రావడానికి 2016 దాకా పట్టింది. జాబితాలో ఉన్న ఆ పద్నాలుగేళ్ళలో ఆటగాళ్ళలోనూ అభిమానులలోనూ కార్టెల్ మొహం చూడనివాళ్ళే ఎక్కువ.

అలాగని వెలి పనిచెయ్యలేదనలేం. 2006లో మయామీ కోర్టులో సోదరులు నేరం ఒప్పుకుని, 210 కోట్ల డాలర్ల ఆస్తుల జప్తుకు తలవంచారు. బదులుగా, వ్యాపారాలు వదులుకున్న కుటుంబసభ్యులకు జాబితా నుంచి బయటపడే దారి దొరికింది. పిల్లల పేర్ల మీది మచ్చ జైలు గోడలకన్నా బరువైంది కాబోలు. 2014లో ఆ కుటుంబపు వలయానికి చెందిన మూడొందల పైచిలుకు పేర్లను ఒక్కసారే తొలగించారు.

మన మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) కూడా బంధువుల, సహచరుల ఆస్తుల దాకా వెళ్తుంది. అయితే అసలు వ్యక్తి మీద అరెస్టో, వారంటో, శిక్షో, నిర్బంధ ఉత్తర్వో ఏదో ఒకటి ఉండాలి. మన దగ్గర కాఠిన్యం మరోచోట ఉంది. 1988 నాటి చట్టం విచారణ లేకుండానే మనిషిని నిర్బంధించనిస్తుంది. గంజాయి రవాణాదారుల మీద తెలుగు రాష్ట్రాల్లోనూ దాన్ని వాడుతున్నారు. అక్కడ డబ్బును బంధిస్తే ఇక్కడ మనిషినే బంధిస్తారు.

మార్కెజ్ మీద వాడినది 1999లో వచ్చిన కింగ్‌పిన్ చట్టం. దానికి ఎమర్జెన్సీ ప్రకటనతో పనిలేదు. కానీ 2021 డిసెంబరులో జో బైడెన్ మళ్ళీ ఎమర్జెన్సీ బాటే పట్టాడు. అప్పటికి అమెరికాలో ఏడాదికి లక్షకు పైగా జనం మత్తుమందుల మోతాదు మించి చనిపోతున్నారు, ప్రధానంగా ఫెంటానిల్ వల్ల. 2025 ఫిబ్రవరిలో డొనాల్డ్ ట్రంప్ అదే ఫెంటానిల్ పేరు చెప్పి, అదే 1977 చట్టంతో కెనడా, మెక్సికో, చైనా సరుకుల మీద సుంకాలు వేశాడు. ఇవి మత్తుమందు ముప్పును ఎదుర్కోవు, ఆ దేశాల మీద ఒత్తిడి తేవడానికే పనికొస్తాయని మే నెలలో వాణిజ్య న్యాయస్థానం తప్పుపట్టింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

ఇంతకూ కొకెయిన్ తగ్గిందా? ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2023లో కొలంబియాలో కోకా సాగు 2,53,000 హెక్టార్లు. అప్పటికి అదే రికార్డు. కాలీ కార్టెల్ పోయింది. దాని జాగాలోకి చిన్నాచితకా ముఠాలు చాలానే వచ్చాయి. బ్యాంకు ఖాతా ఉన్నవాడికే వెలి భయం. అడవిలో కోకా ఆకు దూసే కూలీకి ఆ జాబితా ఉందనే తెలియదు.

2025 అక్టోబరు 24న బైడెన్ నాటి ఉత్తర్వు కిందే మరో పేరు చేరింది: గుస్తావో పెత్రో, అప్పటి కొలంబియా అధ్యక్షుడు. ఆరోపణలను ఆయన ఖండించాడు. ఆ ఉత్తర్వుకు క్లింటన్‌తో ఏ సంబంధమూ లేదు. బొగోటాలో మాత్రం అందరూ పాత పేరే వాడారు. అధ్యక్షుడు ‘లిస్టా క్లింటన్’లోకి ఎక్కాడన్నారు.